వేలెడు ఎత్తు ఎక్కువైన కాబ్

బహ్రెయిన్‌లో నేను పనిచేసిన లాయంలో ఒక కాబ్ గుర్రాన్ని వాలు నేల మీద నిలబెట్టి కొలిచారు. ఇది తొంభైల నడుమ జరిగింది. నేల వాలు అని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

లాయం నువైద్రాత్ ఊరు దాటాక ఖర్జూర తోటల వెనక ఉండేది. యజమాని ఒక ఇంగ్లీషు ఆవిడ. పిల్లలకూ పెద్దలకూ స్వారీ నేర్పేది. అందరం మేడం అనేవాళ్లం. గుర్రాలను పనివాళ్లకు ఎత్తును బట్టి పంచడం ఆమె పద్ధతి. పదమూడు చేతుల రెండంగుళాలు దాటనివి పొట్టి వరస, అవి నావి. దాటినవి పొడుగు వరస, అవి పెద్ద సాయిసువి. గుర్రాల కొలతలో చేయి అంటే నాలుగంగుళాలు. కొలిచేది తల దగ్గర కాదు, మెడ ముగిసి వీపు మొదలయ్యే మూపు దగ్గర.

పెద్ద సాయిసు మా జిల్లావాడే. ఏళ్ల తరబడి అరబ్బు గుర్రాలను ప్రదర్శనలకు తయారు చేసినవాడు. నేను దిగిన రోజే నా ట్రంకు పెట్టె చూసి, "గింత సామాను తెచ్చినవ్, దుబాయిల కాపురం వెడ్తవా తమ్మీ?" అని అందరి ముందూ నవ్వులపాలు చేశాడు. మా వైపు గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే. అది నేను మరిచిపోలేదు.

కాబ్‌ను మేడం వేల్స్ దేశం నుంచి విమానంలో తెప్పించింది. ముదురు గోధుమ రంగు, ఇంకా ఎదిగే వయసు. వచ్చినప్పుడు హద్దు లోపే ఉందని నా వరసకు ఇచ్చింది. వాళ్ల దేశంలో ఈ జాతి కాబ్‌లు రెండు విభాగాలని ఆమె చెప్పేది. నేను చెప్పిన ఆ ఎత్తు లోపువి 'సి', మించినవి 'డి'. 'డి'కి పై హద్దు లేదు. ఎత్తు ఏదైనా రూపు మాత్రం ఒకటే. చిన్న తల, పెద్ద కళ్లు, పొట్టి కాళ్లు, పీపా లాంటి ఒళ్లు. పరుగెత్తితే మోకాళ్లు పైకి లేస్తాయి. గిట్టల మీద పట్టులాంటి వెంట్రుకలు కుచ్చులుగా వేలాడతాయి. అరబ్బు గుర్రం పక్కన నిలబెడితే పెళ్లికొడుకు పక్కన దుక్కి దున్నేవాడిలా కనిపించేది. నాకు అందుకే నచ్చింది. ఏడాదికి పైగా దాని మేతా నీళ్లూ అన్నీ నేనే చూశాను. నా చెప్పుల చప్పుడు వింటే తలుపు మీద గిట్టతో కొట్టేది.

అది ఎదిగినట్టుంది, మళ్లీ కొలవమంది మేడం. పెద్ద సాయిసు దాన్ని గుర్రాలను కడిగే గచ్చు మీద నిలబెట్టాడు. ఆ గచ్చు నీళ్లు పోవడానికి కాలువ వైపు వాలుగా ఉంటుంది. వెనక కాళ్లు కాలువ వైపు, ముందు కాళ్లు మిట్టన. పైగా కాళ్లకు లాడాలున్నాయి. మా ఊరి పశువుల అంగడిలో ఎద్దును అమ్మేవాడు సరిగ్గా ఇలాగే నిలబెడతాడు. కొనేవాడు ముందు నేల చూస్తాడు.

"అన్నా, నేల వంపున్నది. ముందటి కాళ్లు మీదికున్నయి," అన్నాను.

"ఎడ్లు కాసినోనివి, నాకు కొల్త నేర్పుతవా? నువ్వు పొట్టోనివని గుర్రం గూడ పొట్టిగ ఉండాల్నా?"

కొలకర్ర అడ్డపట్టీ మూపు మీదికి దించి, హద్దు దాటిందని మేడంతో చెప్పాడు. కాబ్ ఆ సాయంత్రమే పొడుగు వరసలోకి పోయింది.

నాకు ఎక్కడా కాలు నిలవలేదు. శుక్రవారం సెలవుకు మనామా పోదామని బయల్దేరి, బస్సు ఆగేచోటు దాకా పోయి తిరిగొచ్చాను. గదిలో కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే లాయం వైపు పోవాలనిపించేది. పోతే, అవతలి వరసలో నా చప్పుడు విని గిట్ట తలుపుకు కొట్టుకునేది. మేడం కనపడ్డప్పుడల్లా వాలు సంగతి ఎత్తాను. మేత కలిపేటప్పుడు ఎత్తాను, ఆమె కారు ఎక్కేటప్పుడూ ఎత్తాను.

మేత గదిలో పనిచేసే శ్రీకాకుళం ఆయన విసిగిపోయాడు. "ఏటి బావూ, గుర్రం పొడుగైతే నువ్వు కుదించుకుపోనావేటి? ఒగ్గీ."

"నేను ఒగ్గ," అన్నాను.

చివరికి మేడం ఒప్పుకుంది. లాడాలు ఊడదీయించింది. ఈసారి మేత గది నేల మీద కొలవాలన్నాను. అక్కడ పళ్లెంలో అంచుదాకా నీళ్లు పోసిపెట్టి చూపించాను, ఏ పక్కకూ ఒలకలేదు. కాబ్ తల దించుకుని నెమ్మదిగా నిలబడింది. కర్ర మేడమే పట్టుకుంది.

అయినా హద్దు దాటింది. వేలెడు.

"గిట్టలు పెరిగి ఉన్నయి మేడం. లాడాలు కొట్టేటాయన చెక్కినంక కొలువాలె," అన్నాను.

"ఖలాస్," అందామె. రూపు మారలేదు, విభాగమే మారింది, అది ఎప్పటికీ కాబే, నీకెందుకు బాధ అని హిందీలో అడిగింది. రూపు సంగతి నేనెప్పుడు అడిగాను? లాడాలవాడు ఆ వారమే వచ్చి గిట్టలు చెక్కాడు. మళ్లీ ఎవరూ కొలవలేదు.

కొద్ది రోజులకు పొడుగు వరస నుంచి జుట్టు కత్తిరించే మర చప్పుడు వినపడింది. పోయి చూశాను. పెద్ద సాయిసు కాబ్ కాళ్ల ముందు గొంతుక్కూర్చున్నాడు. నాలుగు కాళ్ల కుచ్చులూ నేల మీద పడి ఉన్నాయి. అరబ్బు గుర్రాలకు కాళ్లు నున్నగా గొరగడం ఆయనకు చేతి అలవాటు. ఆ చేతికి ఇదీ గుర్రమే.

"గంత బొచ్చేందిరా, ఎండకు చస్తది. ఇగ సూడు, ఎట్ల మెరుస్తుందో," అని వెనక్కి జరిగాడు.

నిజంగానే మెరుస్తోంది. సన్నటి కాళ్ల మీద పీపా ఒళ్లు. ఏ జాతో చెప్పలేని గుర్రం.

మేడం వచ్చి వంగి నాలుగు కాళ్లూ చూసింది. తర్వాత పెద్ద సాయిసును మా అందరి ముందూ కడిగేసింది. కుచ్చులు లేని కాబ్‌ను ఎవరికి చూపించుకోవాలని అడిగింది. ఆయన నేల చూస్తూ నిలబడ్డాడు. నేను నవ్వలేదు. నా ట్రంకు పెట్టె గుర్తుకొచ్చింది, అంతే.

"వెంట్రుకలు మళ్లీ వచ్చేదాకా ఇది నీ దగ్గరే," అంది మేడం నాతో. "వచ్చాక పొడుగు వరసకే. ఎత్తు ఎత్తే."

కాబ్ మళ్లీ నా వరసకు వచ్చింది. పెద్ద సాయిసు తాడు నా చేతికిస్తూ, "తీస్కో, ఊకె మొత్తుకున్నవు గద," అన్నాడు. కొలత తప్పని మాత్రం అనలేదు. నాకు కావలసింది ఆ మాట. మేడం నోటి నుంచీ అది రాలేదు.

ఆ తర్వాత నాకు తీరిక లేదు. పొద్దున మేత వేయకముందే వంగి గిట్టల పైన తడిమేవాణ్ణి. మొదట గరుకుగా మొలిచాయి. తర్వాత వేళ్లకు మెత్తగా తగిలాయి. వెంట్రుకలు బాగా పెరగాలంటే రోజూ దువ్వి తడి లేకుండా తుడవాలి. ఆ పని మానితే నేను సాయిసునే కాను. చేస్తే గుర్రం పోతుంది. దువ్వుతూ ఎంత పెరిగాయో చూసేవాణ్ణి. చూసి లేచి నాలుగడుగులు నడిచి, మళ్లీ వచ్చి చూసేవాణ్ణి.

కుచ్చులు మళ్లీ గిట్టను కప్పిన పొద్దున, పెద్ద సాయిసు తాడు పట్టుకుని గడపలో నిలబడ్డాడు.

"యల్లా తమ్మీ, కానియ్యి. గుర్రాన్ని ఇయ్యి."

"గిట్టలు చెక్కిచ్చినంక కొల్సిండ్రా అన్నా?"

"నీయవ్వ, ఇంకా గదేనా?"

అదే. తాడు కట్టి ఇచ్చాను. కాబ్ ఆయన వెంట మోకాళ్లెత్తి నడుస్తూ పోయింది, కుచ్చులు ఊగుతూ.