స్థితిమంతుల గడ్డిమేటు

నిన్న మామిడిపళ్ళ బుట్ట విప్పితే, పళ్ళకంటే ముందు అడుగున పరిచిన వరిగడ్డి వాసన, ఎండకి కాగి, కాస్త ముక్కి, తియ్యగా తగిలింది. దాంతోబాటే మా నాన్నమ్మ పొద్దస్తమానం పలికే "స్థితి" అన్న మాటా గుర్తొచ్చింది. మా సామర్లకోట వైపు డబ్బున్నవాళ్ళు అనేవారు కాదు, స్థితిమంతులనేవారు. స్థితి అంటే పెట్టెలో దాగేది కాదు, దొడ్లోకి తొంగిచూస్తే కనపడాలి: కుడితి గోలెం చుట్టూ గేదెలు, గడ్డితాళ్ళు చుట్టి ధాన్యం పోసిన పురి, అన్నిటికీ మించి గడ్డిమేటు. మా మేటయితే స్టేషన్లో రైలు దిగినవాళ్ళకి కూడా కనిపించేది.

అంటే, మా వీధి మలుపులో నిలబడితే కనిపించేది. అదీ మా బాబాయికి సంబంధం చూసిన ఒక్క వేసవిలోనే.

కాలవ అవతలి ఊళ్ళో పిల్లని చూసొచ్చిన దగ్గర్నుంచి బాబాయి పరధ్యానంలో పులుసులో పెరుగు కలుపుకుని తింటున్నాడు. పిల్ల తండ్రి మా స్థితి చూడ్డానికి వస్తున్నాడని కబురొచ్చింది. మాకా, ఉన్నది కౌలు చేను, నడుమెత్తు గడ్డి. తాతయ్య వెదుళ్ళు పాతి, తడికెలు కట్టి, ఉన్న గడ్డంతా వాటిమీద కప్పేశాడు. లోపలంతా బోలు; పిల్లలం అందులో దూరి, ఆ వెచ్చటి చీకట్లో, వీపుకి గడ్డి గుచ్చుకుంటున్నా జీళ్ళు చప్పరిస్తూ దాగుడుమూతలాడాం.

పిల్ల తండ్రి ఎడ్లబండిలో వచ్చాడు. మేటుని కిందనుంచి పైదాకా చూసి తలూపాడు. ఆ సంబరంలో నాన్నమ్మ, "ఎడ్లని మేటు దగ్గరే కట్టరా, కడుపారా మేస్తాయి" అంది బాబాయితో. వచ్చినవాళ్ళ ఎడ్లకి మేత పెట్టకపోతే అదేం స్థితి మరి! పెద్దలు బూరెలు తిని లేచేసరికి అవి తడికె దాకా మేసేశాయి.

"ఏంటండీ, మీ మేటుకి పక్కటెముకలున్నాయే!" అన్నాడాయన.

తాతయ్య తల వంచుకున్నాడు. బాబాయి ఎడ్లని ఇవతలికి లాగాడు. ఆయన తడికె సందులోంచి లోపలికి చూసి, పొట్ట పట్టుకుని నవ్వాడు.

"మొన్న మా పురి చూసి తెగ మెచ్చుకున్నారు కదా! దాన్లో సగం దాకా ఊకేనండి, బావగారూ."

ఆ "బావగారూ" చెవిన పడగానే నాన్నమ్మ ఇంకో పళ్ళెం బూరెలు తెచ్చింది.

ఇప్పుడు మిషను కోసిన గడ్డి పొలంలోనే కాలిపోతోంది. మేట్లు లేవు, పురులు లేవు, బాబాయీ లేడు. ఆ పిల్లే మా పిన్ని. మొన్న ఆవిడ మనవరాలికి సంబంధం తెచ్చినవాళ్ళని "మీ ఇల్లు చూడ్డానికి ఎప్పుడు రమ్మంటారండి?" అని అడిగింది. "ఎందుకండీ శ్రమ, అబ్బాయి జీతం, ప్యాకేజీ వివరాలు ఫోన్లో పంపిస్తాం" అన్నారు. వాళ్ళు వెళ్ళాక, ఆ వివరాలొచ్చిన ఫోను కళ్ళజోడు దగ్గర పెట్టుకుని పిన్ని చాలాసేపు చూసింది.

"దీన్లో నాకేం కనపడుతుందిరా?" అంది నాతో మెల్లిగా.

బాబాయి ఉంటే ఏదో ఒకటి కల్పించి నవ్వించేవాడు. నాకు ఒక్క అబద్ధం కూడా తోచలేదు.