నాడికి ఒక గుర్తు, నబ్జ్‌కు ఒక గుర్తు

మెదక్ బాలికల పాఠశాలలో నేను తెలుగు పంతులమ్మగా చేరిన మూడో ఏడు మా హెడ్మిస్ట్రెస్ నన్ను పిలిచి ఒక కవరు చేతిలో పెట్టింది. హైదరాబాదులో కొందరు పండితులు కూడి, రకరకాల పనులు చేసేవాళ్ల మాటలన్నీ పోగుచేసి పెద్ద పదకోశం వేస్తున్నారట. ఊళ్లలో తెలుగు చెప్పేవాళ్లం తలా ఒక వృత్తిని తీసుకొని, ఆ మాటలు చీటీల మీద రాసి పంపాలట. నేత, కుమ్మరం, సేద్యం అప్పటికే ఎవరెవరో తీసుకున్నారు. నేను వైద్యం తీసుకున్నాను. దానికి పెద్ద కారణమేమీ లేదు. మా అత్తకు దమ్ము, అంటే ఉబ్బసం. వారానికోసారి ఆమెను ఖిల్లా కింది గల్లీలో ఉండే హకీం సాబు దగ్గరికి తీసుకుపోయేదాన్ని. ఎట్లాగూ పోతున్నాను కదా, ఆయన మాటలే రాసుకుంటే సరిపోతుందనుకున్నాను.

హకీం సాబుకు అప్పటికే అరవై దాటాయి. సన్నటి మనిషి. హైదరాబాదులో యునానీ చదువు చదివి తెచ్చుకున్న సనదు ఆయన కూర్చునే గద్దె వెనక గోడకు అద్దం కట్టి ఉండేది. ఉర్దూ, ఫారసీ చదువుతాడు. తెలుగు మాట్లాడతాడు కాని చదవడం రాదు. నేను చీటీలు తీస్తే మొదట నవ్వాడు. తర్వాత నాకంటే ఆయనకే పట్టింపు ఎక్కువైంది.

మొదటిరోజు జోషాందా, ఖిసాందా అని రెండు మాటలు చెప్పాడు. నేను రెండిటికీ ఎదురుగా ‘కషాయం’ అని రాసుకున్నాను.

“ఏం రాసిండ్రు? జెర చదువుండ్రి.”

చదివాను. ఆయన చేతిలోని మందు పొట్లం కింద పెట్టేశాడు.

“గట్లెట్లయితది పంతులమ్మా? జోషాందా అంటె కాచేది. ఖిసాందా అంటె నీళ్లల్ల నానవెట్టేది. దీని గుణం వేరు, దాని గుణం వేరు. రెండిటికి ఒక్కటే రాస్తె చదివెటోడు ఆగమైతడు.”

చీటీ చించి కొత్తది రాశాను. నాలుగు నెలలు అట్లాగే సాగింది. ఒక మాటకు మూడేసి చీటీలు పాడయ్యేవి. మా అత్త పక్కనే కూర్చొని, “నా దమ్ము సంగతి ఎప్పుడు చూస్తరు మీరిద్దరు?” అని సణిగేది.

ఆయన మీద నాకు విసుగు రాలేదని అనను. అంగడి రోజు పాపన్నపేట దిక్కునుంచి ఒకాయన వచ్చి చెట్టుకింద కూర్చొని విరిగిన కాళ్లకు, చేతులకు వెదురుబద్దలతో కట్లు కట్టేవాడు. ఆయన మాటలూ రాసుకుందామని హకీం సాబుకు చెబితే మొహం చిట్లించాడు.

“గది వైద్యం కాదమ్మా. చేతిపని. గాయనెక్కడ, మేమెక్కడ? మాతోని కలిపి రాయకుండ్రి.”

నేను కలిపే రాశాను. ఆ కట్లు కట్టేవాడు ఇచ్చిన మాటలు పదీ పన్నెండుకు మించలేదు. కాని ‘బొక్కలు కట్టేటోడు’ అనే మాట నాకెంతో నచ్చింది. మా దిక్కు బొక్క అంటే ఎముక. ఆ అర్థం చీటీ మీద స్పష్టంగా రాశాను. ప్రతి చీటీ చివర ‘విభాగం’ అని ఒక గడి ఉండేది. వాళ్లిచ్చిన పట్టికలోంచి ఒక గుర్తు అందులో వేయాలి. వైద్యానికి ‘వై.’ అన్ని చీటీల మీదా ‘వై.’ వేసి, చెప్పుల డబ్బాలో పేర్చి, పోస్టు చేశాను.

ఎనిమిది నెలలకు ప్రూఫులు వచ్చాయి. బళ్లో మధ్యాహ్నం గంట కొట్టాక వరండాలో కూర్చొని చూశాను. నా చీటీల్లో సగానికి పైగా ‘వై.’ లేదు. దాని బదులు ‘మూ.’ అని ఉంది. అదేమిటో పట్టికలో వెతికాను. మూఢవిశ్వాసములు.

‘నాడి’ పక్కన ‘వై.’ ఉంది. ఎవరో ఆయుర్వేద పండితుడు పంపినట్టున్నాడు. ఆ నాడినే హకీం సాబు నబ్జ్ అంటాడు. ‘నబ్జ్’ పక్కన ‘మూ.’ ఉంది. అదే చెయ్యి, అదే మణికట్టు, అదే నరం. ‘హకీము’ అనే మాటకు అర్థమే లేదు. ‘చూ. నాటువైద్యుడు’ అని ఉంది. అక్కడికి పోయి చూస్తే ‘చదువులేక చికిత్స చేయువాడు’ అని ఉంది. గోడమీది సనదు గుర్తొచ్చింది. ఇక ‘బొక్కలు కట్టేటోడు’ దగ్గర నేను రాసిన అర్థం కొట్టేసి, ‘గోడలలోని రంధ్రములు పూడ్చువాడు’ అని పెట్టారు. విభాగం, గృహనిర్మాణం.

శనివారం సెలవు పెట్టి బస్సెక్కాను. పదకోశం ఆఫీసులో నాతో మాట్లాడిన సంపాదకుడు మర్యాదస్తుడు, కృష్ణా జిల్లా మనిషి. మంచినీళ్లు తెప్పించాడు. బొక్క సంగతి చెప్పగానే నాలుక కరుచుకున్నాడు.

“క్షమించండమ్మా. మా వైపు బొక్కంటే చిల్లే. దిద్దిస్తాను.”

“మరి మూఢవిశ్వాసమన్నది?”

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “మాకున్న గుర్తులు అవే. డాక్టర్లు చదివేది, ఆయుర్వేదం ‘వై.’లో వేశాం. మిగిలినవి ఎక్కడో ఒకచోట వేయాలి కదా. కొత్త గుర్తు పెడితే మొదటి పేజీనుంచీ మార్చాలి.”

“లేని గుర్తు కోసం ఉన్న మనిషిని మార్చేస్తారా?”

“పోనీ, ఆ మందులు పనిచేస్తాయని మీరు రాసిస్తారా?”

మా అత్త దమ్ము తగ్గలేదు. కొన్ని రోజులు నెమ్మదించేది, మబ్బు పట్టగానే మళ్లీ మొదలయ్యేది. అయినా అన్నాను, “పనిచేస్తాయో లేదో డాక్టర్లు తేలుస్తారు. ఆయన చేసే పనిని ఏమంటారో చెప్పడమే కదా మనం చేసేది? ఆయన చదువుకున్నాడు. మీరు చదువులేదని వేశారు. అది అబద్ధం కదండీ?”

ఆయన కళ్లజోడు పెట్టుకొని ఆ ప్రూఫులు పక్కకు తీసిపెట్టాడు. చివరికి, చేతనైనంత చూస్తానన్నాడు. నేను నమ్మి తిరిగొచ్చాను.

పుస్తకం అచ్చయి మా బడికి ఒక ప్రతి వచ్చింది. బొక్క బాగుపడింది. కట్లు కట్టేవాడికి ‘వై.’ కూడా దక్కింది. ‘నబ్జ్’కు ‘మూ.’ తీసేసి ‘ఇత.’ అని పెట్టారు. ఇతరములు. ‘హకీము’ ఉన్న చివరి భాగం మాత్రం వేరే ప్రెస్సులో, నేను పోయేసరికే అచ్చయిందట. దానిలో అక్షరం మారలేదు.

హకీం సాబు అంతకుముందే రెండుసార్లు అడిగాడు, కితాబు వచ్చిందా అని. ఆయన తెలుగు చదవలేడు. నేనేం చదివితే అదే ఆయనకు కితాబు. మంచి మాట ఏదైనా కల్పించి చదివేద్దామని దారంతా అనుకున్నాను. ఆయన ఎదుట కూర్చున్నాక నోరు రాలేదు. ‘హకీము’, దాని వెంట ‘నాటువైద్యుడు’, ‘చదువులేక’తో సహా ఉన్నది ఉన్నట్టు చదివాను. ఆయన మళ్లీ చదవమన్నాడు. చదివాను.

“నాలుగు నెలలు నా నోట్లె మాట ఒక్కొక్కటి ఏరుకపోయిండ్రు. దీనికోసమేనా పంతులమ్మా?”

“నేను గట్ల రాయలేదు హకీం సాబ్. వాళ్లు మార్చిండ్రు.”

“మీ పేరున్నదా కితాబుల?”

ఉంది. చీటీలు పంపినవాళ్ల పేర్లు చివర వేశారు. ఉందన్నాను. ఆయన గుమ్మం వైపు తిరిగాడు. బయట కూర్చున్న ఒక రైతును లోపలికి రమ్మన్నాడు. నాడి చూసి, ఛాతీలో నొప్పి ఎప్పటినుంచో అడిగి, ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసిచ్చాడు. “ఇది నాతోని కాదు. సర్కారు దవాఖానకు పో. ఇయ్యాలనే పో, రేపని ఆగకు.” ఆ మాటలు నా వైపు చూడకుండానే చెప్పాడు. తనతో కానిది తనతో కాదని చెప్పే ఆ వైద్యుడికి ఏ గుర్తు వేస్తారో నాకు తోచలేదు.

ఆ తర్వాత కూడా మా అత్తకు మందిచ్చాడు. ఎప్పుడు పోయినా కూర్చోమనేవాడు. నాతో మాత్రం మందు ఎన్నిపూటలు వేసుకోవాలో తప్ప మరో మాట మాట్లాడేవాడు కాదు.

తప్పులన్నీ ఎత్తి చూపుతూ సంపాదకుడికి మూడు ఉత్తరాలు రాశాను. మొదటిదానికి ‘పరిశీలనలో ఉన్నది’ అని కార్డు వచ్చింది. మిగతా రెండిటికీ అదీ రాలేదు.

ఒకరోజు పదో తరగతి అమ్మాయి ఒకతి ఆ పుస్తకం తెరిచి ‘హకీము’ చూసి, అక్కడినుంచి ‘నాటువైద్యుడు’ కూడా చూసి, “టీచర్, మా ఇంటి పక్కాయన గురించి గిట్ల రాసిండ్రేంది?” అంది. ఆ పిల్ల ముందే ఎర్రసిరా కలం తీసి ‘హకీము’ పక్కనున్న ‘చూ. నాటువైద్యుడు’ కొట్టేశాను. అంచులో ‘యునానీ వైద్యము చదివి చికిత్స చేయువాడు. వై.’ అని రాశాను.

మర్నాడు హెడ్మిస్ట్రెస్ పిలిచింది. సర్కారు పుస్తకం పాడుచేసినందుకు సంజాయిషీ ఇవ్వమంది. ఆమె ఎదుటే నిలబడి, చింతిస్తున్నానని రాసి సంతకం పెట్టాను. నాకు చింత లేదు. ఉన్నదంతా, ఆ ఎర్రసిరా ఒక్క ప్రతిలోనే ఉందన్న ఉడుకుమోత్తనం.