మగ్గం నడవని దినాలు

1964. మంచిర్యాలకూ చెన్నూరుకూ నడుమ ఒక చిన్న ఊరి దవాఖానలో నేను నర్సును. ఆరు మంచాలు, ఒక డాక్టరు. కంపౌండరు లేడు కనుక మందులిచ్చే పని కూడా నా మీదే వేశారు. దాని మీద నేను పెట్టిన అర్జీలకు నేటికీ జవాబు లేదు.

ఆ ఎండాకాలంలో రాజమల్లు అనే నేతపనివాడు హైదరాబాదులో తలకు ఆపరేషన్ చేయించుకుని వచ్చాడు. మెదడు కింద పిట్యూటరీ అని శనగగింజంత గ్రంథి ఉంటుంది. అక్కడ గడ్డ లేచి చూపు తగ్గితే తీసేశారు. ఆ గ్రంథి దెబ్బతింటే ఒంటిని నిలబెట్టే రసాలు సరిగా ఊరవు. బదులుగా రోజూ కార్టిజోన్ మాత్రలు వేసుకోవాలి, పొద్దున ఒకటి, మధ్యాహ్నం సగం. పొద్దుపోయాక వేసుకుంటే నిద్ర పట్టదు. చీటీ ఇంగ్లీషులో ఉంది. అతని భార్య లచ్చవ్వకు నేనే చెప్పాను: "ఇది తాకత్ గోలి. ఇది పడితేనే పనికి సత్తువ."

చూపు తేరుకుంది గానీ మనిషి తేరుకోలేదు. పగలంతా మగత. గంటసేపు మగ్గం మీద కూర్చుంటే చెమటలు పట్టి గోడకు ఒరిగేవాడు. అతని తల్లి దవాఖాన అరుగు మీదే అన్నది: "పట్నం పోయి తలకాయ కోపిచ్చుకొని నవాబై వచ్చిండు. తినుడు, పండుడు."

"నవాబుకు రాత్రి నిద్రన్న వడ్తదే అవ్వా. నాకు గా నిద్ర గూడ లేదు" అన్నాడు రాజమల్లు.

డాక్టరు ఒళ్లు వంచితే అదే తగ్గుతుందన్నారు. "గోలీలు సరిగ్గా పడుతున్నాయో లేదో ఇంటికి పోయి చూస్తాను సార్" అన్నాను. "గోలీల సంగతి తర్వాత. ముందు మాత్ర అనడం నేర్చుకో" అన్నారు. ఆయన కోస్తా నుంచి వచ్చినవారు. రోగులంతా విన్నారు. ఆ పౌరుషంతో నేను ఆ ఇంటి గడప తొక్కలేదు. గోలి ఇస్తున్నావా అని అడిగినప్పుడల్లా లచ్చవ్వ "ఇస్తున్ననమ్మా" అనేది. సరే అని ఊరుకున్నాను.

వానాకాలంలో నూలు రాక మగ్గాలు ఆగాయి. ఐదోనాడు రాజమల్లును మంచం మీద మోసుకొచ్చారు. వాంతులు, చల్లబడిన చేతులు, బ్లడ్ ప్రెషర్ మిషన్‌కు అందనంత తక్కువ. డాక్టరు సెలైన్, అంటే ఉప్పునీరు, నరంలోకి ఎక్కించమన్నారు. సూది గుచ్చుతూ లచ్చవ్వను వేరే తీరున అడిగాను: "గోలి ఇయ్యని దినం ఏది?"

"మగ్గం నడవని దినం ఇయ్య. అమాసనాడు ఇయ్య. ఇప్పుడు నూలు రాకపాయె, ఐదు దినాల సంది ఇయ్యలే. పని లేనోనికి తాకత్ గోలి ఎందుకు, వట్టిగ ఖరాబు జేసుడు? పొద్దుగూకినంక మగ్గం మీద కూసుంటే పొద్దుగూకినంకనే ఇస్త."

ఆ ఊళ్లో సాలెలు అమావాస్యనాడు మగ్గం ముట్టరు. అలసిపోయి కూర్చోలేని నాడూ గోలి లేదు. గోలి లేక మర్నాడు మరింత అలసట. తప్పు లచ్చవ్వది కాదు, నేనన్న మాటది.

డాక్టరుకు చెప్పాను. ఆయన వెంటనే హైడ్రోకార్టిజోన్ తెమ్మన్నారు, అదే తరహా మందు ఇంజెక్షన్‌గా. సాయంత్రానికి రాజమల్లు కళ్లు తెరిచి "జర గంజి" అన్నాడు. తల్లి ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది.

హైదరాబాదుకు రాసిన ఉత్తరంలో డాక్టరు నర్సు తప్పుగా చెప్పిందని రాశారు. కనిపెట్టింది కూడా నర్సే అని రాయలేదు.

తర్వాత నేనే వాళ్లింటికి పోయి చెప్పాను: "ఇది అన్నం లెక్క. పనున్నా లేకున్నా ఆపొద్దు. జ్వరమొస్తే గోలి ఎక్కువ కావాలె, దవాఖానకు ఉరికి రా." నడక మొదట గల్లీ చివరిదాకా, పది దినాలకు బజారుదాకా. చలికాలానికి రాజమల్లు రోజుకు ఒక పూటమందం నేశాడు. రెండో పూట ఇక ఎన్నడూ నేయలేకపోయాడు. పడుకున్నా ఎవరూ ఏమీ అనలేదు.

మందు వేసుకుంటున్నావా అంటే అందరూ అవుననే అంటారు. వేసుకోని దినం ఏదో అడగాలి. గోలి అన్నందుకు ఆ డాక్టరన్న మాటను నేనింకా క్షమించలేదు. కానీ ఆ మాట పట్టుకుని నేను పంతంలో పోగొట్టిన నెలలు నావి కావు, రాజమల్లువి.