జీలుగుపుట్టు దారికి బస్సు అడిగిన మనిషి

సన్యాసినాయుడు గారు కాలధర్మం చెందారన్న వార్త నాకు ఫోనులో వచ్చింది. తెల్లవారి కాఫీ గ్లాసు చేతిలో ఉంది. ఆయన అర్ధాంగి అప్పలనరసమ్మ గారు, "పంతులు గారూ, మీ నాయుడు లేవట్లేదండీ" అన్నారు. "ఇంకోసారి గట్టిగా పిలవండమ్మా, ఆయనది మొద్దునిద్ర" అన్నాను నేను. అవతల నుంచి ఏడుపు వినిపించాక గానీ ఆ మాటకు అర్థం నా బుద్ధికి ఎక్కలేదు. పాడేరులో వాళ్ళింటికి పరుగున వెళ్ళేసరికి వాకిట్లో ఆయన సైకిలు గోడకు ఆనించి ఉంది. ముందురోజు కొండ మలుపుల అంచుల్లో అంటిన ఎర్రమట్టి చక్రాలకు ఇంకా పచ్చిగానే ఉంది. ఆ మట్టిని చూశాక అక్కడే మెట్టు మీద కూలబడ్డాను.

మేమిద్దరం ఒకే బస్సు మనుషులం. ఆయన డ్రైవరు, నేను కండక్టరును. యౌవనంలో మొదలైన ఆ జంట పదవీ విరమణ దాకా విడిపోలేదు. ఘాట్ రోడ్డు మీద టికెట్లు కొడుతూనే పురాణాలు చదివేవాడినని, నోరు తెరిస్తే సంస్కృతం రాలుతుందని, నాకు 'పంతులు' అని ఆయనే నామకరణం చేశారు. కులానికి నేను పంతుల్ని కాను, బడిలో పంతుల్నీ కాను. అయినా డిపోలో అందరి నోటా ఆ పేరే స్థిరపడిపోయింది.

ఆయన నడిపిన బస్సు వేళకు వచ్చిందని చెప్పుకున్న వాళ్ళు ఏజెన్సీలో ఎవరూ లేరు. కొండ వాలులో ఎక్కడో గొడుగు ఊగితే చాలు, బ్రేకు మీద కాలు పడేది. ఆ గొడుగు మనిషి దిగి వచ్చేదాకా మా ప్రయాణికులూ నేనూ గొణుక్కుంటూ కూర్చోవలసిందే. "టైమైపోతోంది నాయుడు గారూ" అంటే, "టైముకేటి పంతులూ, రేపూ వత్తాది. ఆ ముసిలోడు రేపు రాగలడా?" అనేవారు. ఆలస్యానికి సంజాయిషీ రాసుకునేది మాత్రం నేను. నా గద్యశైలి ఆ సంజాయిషీలలోనే పరిపక్వత చెందిందని ఆయన పరిహాసం.

పదవీ విరమణ తర్వాత ఆయన విశాఖపట్నం వెళ్ళి గేర్ల సైకిలు ఒకటి కొనుక్కొచ్చారు. ఈ వయసులో ఇదేం వేషమని నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. "ఇన్నేళ్ళూ మలుపూ, హారనూ తప్ప ఏటీ సూడనేదు. మన కొండలెలాగుంటాయో నాకు తెలీదు పంతులూ" అన్నారు. వారం తిరగకుండా నా చేత కూడా కొనిపించారు. మొదటి రోజే నేను పోయి పోయి ఒక కాఫీ తోటలో పడ్డాను. "టికెట్టు కొట్టకుండా తోటలోకెల్లిపోనావేటి" అంటూ చెయ్యి అందించి లేపారు. అలా లేపిన మనిషి ఇప్పుడు లేడన్న సంగతి ఈ వాక్యం రాస్తుంటే మళ్ళీ కొత్తగా తెలుస్తోంది.

అటు అరకులోయ నుంచి ఇటు జి.మాడుగుల వరకు వాహన సంచారం లేని దారులన్నీ ఆయనకు కరతలామలకం. ఆ దారులు కనిపెట్టడానికి ఆయన అనుసరించిన పద్ధతి ఒక్క బస్సు మనిషికే తోస్తుంది. మన కొండల్లో వారంలో ప్రతిరోజూ ఎక్కడో ఒకచోట సంత. జీపులూ ఆటోలూ మనుషులూ అన్నీ ఆ రోజు సంత దిక్కుకే ప్రవహిస్తాయి. కనుక మిగిలిన దిక్కున రోడ్డు ఖాళీ. "సంతకి వీపు పెట్టి తొక్కు పంతులూ, ప్రపంచంలో నువ్వొక్కడివే ఉంటావు" అనేవారు. అక్షరాలా అంతే. మిరియాల తీగలు పాకిన వృక్షాల నీడన, పచ్చటి వలిసె పూల చేల నడుమ, గొలుసు తిరిగే చప్పుడు తప్ప మరో ధ్వని లేకుండా మేం తిరిగిన ఉదయాలు నా జన్మకు లభించిన పరమ సౌభాగ్యం. విశాఖ నుంచి కుర్రకారు కూడా ఆయన వెంట రావడం మొదలైంది. ఊరు వచ్చిందంటే అందరూ సైకిలు దిగి నడవాలి. పాటల డబ్బాలు మోగించకూడదు. ఈ రెంటినీ మీరినవాడు ఎంతటి ధనవంతుడైనా మర్నాడు మాతో లేడు.

ఆ దారులన్నింటిలోనూ ఆయన ప్రాణం జీలుగుపుట్టు దారి. పెద్ద రోడ్డు నుంచి చీలి, చుట్టలు చుట్టుకుంటూ కొండెక్కి ఆ చిన్న ఊరి దగ్గర ఆగిపోతుంది. తారు వేసి ఎంతో కాలం కాలేదు. అద్దంలా ఉండేది. మేం వెళ్ళినప్పుడల్లా దారీ ఖాళీ, ఊరూ ఖాళీ. చివరి ఇంటి అరుగు మీద మోకాళ్ళు పట్టేసిన సోములమ్మ అనే పెద్దావిడ మాత్రం ఉండేది. మాకు రాగి అంబలి ఇచ్చేది. ఒకనాడు అంబలి తాగుతూ నాయుడు గారు, "మీ ఊరెంత నిమ్మళంగా ఉంటాదమ్మా" అన్నారు.

"మీరు సంత దినాన వత్తారు బాబూ, అందుకే నిమ్మళం" అన్నది ఆవిడ. "బండి లేదు కదా, నడిసేటోళ్ళందరూ సీకటితోనే నడిసి సంతకెల్లిపోతారు. నాను నడవలేను. నాను సంత సూసి ఎన్నేళ్ళయినాదో. పసుపు పండిత్తే ఆళ్ళూ ఈళ్ళూ అమ్మి పెడతారు. ఏ ధరకమ్మినారో నాకేటి తెలుత్తాది?"

నిష్ఠూరంగా అనలేదు. వాన కురిసిందని చెప్పినట్టు చెప్పింది. నాయుడు గారు గ్లాసు కింద పెట్టారు. తిరుగు దారిలో ఆ పల్లం మీద ఆయన ఎప్పుడూ వేసే ఈల వేయలేదు. పెద్ద రోడ్డు దగ్గర ఆగి, "మనం నిమ్మళం అనుకున్నది నిమ్మళం కాదు పంతులూ. నడిసినోళ్ళు పోనారు, నడవలేనోళ్ళు ఉండిపోనారు. అది సూసి మనం ఎంత బాగుందో అనుకున్నాం" అన్నారు.

అక్కడి నుంచి ఆయనకు ఒకటే తపన. జీలుగుపుట్టుకు సంత రోజున బస్సు రావాలి. నాకు ఒళ్ళు మండింది. బస్సు వెనక ఆటోలు వస్తాయి, ఆటోల వెనక యాత్రికుల కార్లు వస్తాయి, ఉన్న ఒక్క స్వర్గాన్నీ మీ చేతులతో మీరే పాడు చేస్తారా అని పోట్లాడాను. "సొర్గంలో ఆవిడొక్కర్తే కూకుందిరా" అన్నారు. ఆయన నన్ను 'రా' అని పిలిచింది ఆ ఒక్కసారే.

తరువాత ఎన్ని పూటలు డిపో వరండాలో, అధికారుల గది ముందు బల్ల మీద కూర్చున్నారో నాకు తెలుసు. పక్కన నేనూ కూర్చున్నాను కదా, గొణుగుతూనే. దారి ఇరుకు, పై మలుపుల్లో బస్సు తిరగదు అన్నారు అధికారులు. "తిరుగుతాది, నాను సూపిత్తాను" అన్నారు ఈయన. చివరకు ఒక చిన్న బస్సును ఖాళీగా పంపి చూడటానికి ఒప్పుకున్నారు.

అప్పటికే గుండె బలహీనంగా ఉందని, కొండ ఎక్కుడు తొక్కవద్దని వైద్యుడు శాసించాడు. బస్సులో కూర్చుని దారి చెప్పండని నేను బతిమాలాను. "నాను లోపల కూకుంటే మలుపు డైవరు కుర్రోడికి కనపడదు. ముందర మనిషుండాల" అంటూ సైకిలెక్కారు. బస్సు ముందు సీటులో కూర్చుని ఆయన వీపునే చూస్తూ ఆ కొండంతా ఎక్కాను. ప్రతి మలుపులోనూ సైకిలు దిగి, అంచున నిలబడి, చెయ్యి ఊపుతూ బస్సును తిప్పించారు. పైకి చేరేసరికి చొక్కా పిండితే నీళ్ళు కారేలా ఉంది. సోములమ్మ గుంజ పట్టుకుని లేచి నిలబడి ఉంది. ఆమెను చూసి ఆయన నవ్విన నవ్వు, నేను చూసిన ఆయన ఆఖరి నవ్వు.

ఆ రాత్రి నిద్రలోనే వెళ్ళిపోయారు.

"మీ నాయుణ్ణి ఆ బస్సే తినేసినాది పంతులు గారూ" అని అప్పలనరసమ్మ గారు నా ముఖం మీదే అన్నారు. నేను కాదనలేదు. నాకూ ఆ బస్సు మీద కోపమే. ఆయన మీద ఇంకా కోపం. అంత త్వరగా వెళ్ళవలసిన మనిషి కాదు.

ఆయన పెద్దకర్మ అయిన తర్వాతి సంత రోజున జీలుగుపుట్టుకు మొదటి బస్సు వెళ్ళింది. నేనూ ఎక్కాను. ప్రతి మలుపులోనూ హారను మోగింది. చెవులు మూసుకోవాలనిపించింది. ఊళ్ళో ఇద్దరాడవాళ్ళు రెక్కలు పట్టి సోములమ్మను ఎక్కించారు. ఆమె ఒళ్ళో పసుపు మూట. నా పక్కన కూర్చుని, ముందు వెనకలు చూసి, "డైవరు బాబు రానేదా?" అని అడిగింది. చెప్పాను. ఆమె పసుపు మూట దగ్గరకు లాక్కుని కిటికీ వైపు తిరిగింది. 

కుర్ర కండక్టరు వచ్చి, ఆడవాళ్ళకు ఉచితమమ్మా, డబ్బులు అక్కరలేదన్నాడు. ఆమె చెంగు ముడి విప్పి అందులోని నోటు అతని చేతిలో పెట్టింది.

"నాకొద్దంటే ఆ డైవరు బాబుకి కొట్టు."

అతను తెల్లబోయి నా వైపు చూశాడు. మనిషి లేకుండా టికెట్టు నా సర్వీసు మొత్తంలో నేను కొట్టలేదు. "కొట్టు నాయనా" అన్నాను. "ఎక్కడికండీ?" అని అడిగాడు. 

"సంతకే. నాతోపాటే" అంది సోములమ్మ.

ఆ టికెట్టు ఆమె నా చేతిలో పెట్టింది. నాయుడు గారూ, మీకు నేను అర్పించగల నివాళి ఇంకేమీ లేదు. మీరు అడిగిన బస్సు వచ్చింది, ఆవిడ సంత చూసింది, పసుపు తన నోటితో బేరమాడి అమ్ముకుంది. మీరు పోయాక నేను సైకిలు ముట్టుకోలేదు. ముందర మనిషి లేకుండా తొక్కడం నాకు రాదు.