అందించని మాట

నాటకశాలలో అందరూ ఆయన్ని గుసగుస మామయ్య అనేవారు. ముప్పై ఎనిమిదేళ్లు రంగస్థలానికి ఎడమపక్క, తెర చాటున స్టూలు మీద కూర్చుని, మాట మరిచిన నటులకు మాట అందించడం ఆయన ఉద్యోగం. "ఊరందరికీ మాటలందిస్తారు, ఇంట్లో ఉప్పు డబ్బా అందించమంటే మాత్రం వినపడదు" అనేది భార్య.

అంతటి వృత్తిజీవితంలో ఆయన చేసిన తప్పు ఒక్కటే. అది కాస్తా కళాఖండమై కూర్చుంది.

ఆయన పనిచేసిన నాటక కంపెనీకి అన్నం పెట్టిన నాటకంలో ఒక ముసలి జడ్జి ఉంటాడు. చివరి అంకంలో ఎవరో తలుపు తడితే "తలుపు తీయండి, వచ్చినవాడు మనవాడే" అనాలి. మొదటి ప్రదర్శన నాడు ఆ వేషం కట్టిన నటుడు అక్కడ మాట మరిచాడు. ఒక చెయ్యి వెనక్కి పెట్టి, బొటనవేలితో చూపుడువేలి గోరు రుద్దుకుంటూ ఎడమవైపు తిరిగాడు. అక్కడ మామయ్య శుభ్రంగా కునుకు తీస్తున్నాడు. ఉలిక్కిపడి కళ్లు తెరిచేసరికి ఆ చూపు తనమీదే ఉంది. పుస్తకంలో చోటు వెతుక్కునేలోగా నటుడికే మాట దొరికింది. హాలు చప్పట్లతో మోగిపోయింది. మర్నాడు పత్రికలు ఆ విరామాన్ని "మహామౌనం" అన్నాయి.

"నిద్రపట్టిందా బావా? పోనీలే, రేపు అందిద్దువుగాని," అన్నాడు నటుడు ఆ పూట రంగు తుడుచుకుంటూ. ఏ వరసా లేకపోయినా మామయ్యను బావా అని పిలిచేది ఆయనొక్కడే. మర్నాడు ఆయన రాలేదు. నిద్రలోనే పోయాడన్నారు.

తర్వాత ఆ వేషం నలుగురు కట్టారు. మౌనాన్ని దర్శకులు గడియారం పెట్టి మరీ నేర్పారు. అంతవరకు సంప్రదాయం. కానీ వెనక దాచిన చేతిలో గోరు రుద్దుకోవడం హాలుకు కనపడదు, ఎవరూ నేర్పలేదు. అయినా నలుగురూ రుద్దారు. మాట కంఠతా వచ్చిన ఆ నలుగురి కళ్లలోనూ అందించమన్న అదే వేడుకోలు. మామయ్య ప్రతిసారీ పుస్తకంలోకి తల వంచేవాడు. అందిస్తే ఊరు మెచ్చిన మౌనం చెడుతుంది, దాంతోపాటు ఉద్యోగమూ.

ఉద్యోగంలో ఆఖరి రోజు మ్యాట్నీకి బయల్దేరుతూ భార్యకు సంగతంతా చెప్పాడు. "రేపట్నించి ఎవరికేసి చూస్తాడో పాపం."

"ఒక్క మాటేగా," అందావిడ. "అందించేసి రండి."

ఆ నలుగురిలో ఆఖరి జడ్జి కుర్రాడు. మొదటాయన పోయాక పుట్టినవాడు, మామయ్యను తాతగారూ అంటాడు. తలుపు చప్పుడైంది. ఎడమవైపు తిరిగాడు. వెనక గోరు కదులుతోంది. మామయ్య మాట అందించాడు.

వేలు ఆగింది. పెదవులు కదిలీ కదలకుండా, తెరవైపుకే వినిపించేలా, ముదురు గొంతొకటి అంది:

"రేపంటే ఇన్నేళ్లా బావా?"

ఆపైన కుర్రాడి గొంతుతో తలుపు తీయమన్న మాట హాలుకు వినిపించింది.

"మాట నాకొచ్చుగా తాతగారూ, ఎందుకందించారు? మౌనమంతా పాడైంది," అన్నాడు కుర్రాడు తర్వాత.

"నాతో నువ్వేమన్నావు?"

"నేనా? ఏమీ అన్లేదే."

వారం తర్వాత మామయ్య టిక్కెట్టు కొనుక్కుని హాల్లో కూర్చున్నాడు. జడ్జి గడియారం ప్రకారమే ఆగాడు. ఎడమవైపు తిరగలేదు. గోరు జోలికి పోలేదు.

"మాట మరిచినట్టున్నాడు," అన్నాడు పక్క సీటాయన.

మామయ్య నిశ్చింతగా కళ్లు మూసుకున్నాడు.