కరెంటు పోయేలోగా

మొన్న పొద్దున తమ్ముడు వికారాబాద్ నుంచి ఫోన్ చేసి, "అక్కా, రేడియో చాచా పోయిండు" అన్నాడు. నేను తాండూరులో రైలెక్కి వెళ్లేసరికే మట్టి ఇచ్చేశారు. ఆఖరి చూపు దక్కలేదు. ఆ బాధతోనే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

చాచా మా పుట్టింటి పక్కన రేడియోలు బాగుచేసేవాడు. ఎంత చెడిపోయిన రేడియో తెచ్చినా వెంటనే విప్పేవాడు కాదు. ముందు చెవి ఆనించి వినేవాడు. "దాని బాధ అదే చెప్తది, మనం ఇనాలె" అనేవాడు. విప్పిన మరలు టీ సాసర్లో వరసగా పేర్చుకునేవాడు. పని పూర్తయ్యేదాకా టీ ముట్టేవాడు కాదు.

ఎనభైల చివర నేను తాండూరులో ఉంటూ కంది ఎండు తెగులు మీద పరిశోధన చేస్తున్నాను. మర్పల్లి, దోమ చేలల్లో మూడేళ్లు తిరిగి, ఎన్ని మొక్కలు ఎండాయో, ఎన్ని నిలిచాయో లెక్కపెట్టాను. మా ఆయన హైదరాబాద్ నుంచి ఒక పాత కంప్యూటర్ కొనుక్కొచ్చాడు. లెక్కలన్నీ దాని హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించి, ఇంకెందుకీ చెత్త అని నోటుపుస్తకాలు కిరాణా కొట్టుకు ఇచ్చేశాను. చదువుకున్నదాన్ని కదా, ఆమాత్రం తెలివి ఉండాల్సిందే. నా మూడేళ్ల కష్టం చింతపండు పొట్లాలైపోయింది.

నెల తిరక్కుండానే ఒక పొద్దున డిస్క్ తిరగడం మానేసింది. చాచాకు ఫోన్ చేసి, కంప్యూటర్ మోసుకొస్తానన్నాను.

"తేకు బిడ్డా. రైలు కుదుపులకు ఉన్నది గూడ పోతది. నేనే వస్త."

వచ్చేసరికి పన్నెండు. అప్పట్లో రోజూ రెండింటికి కరెంటు తీసేసేవారు.

"చాచా, ఇసొంటిది ఎన్నడన్న చూసినవా?" అని అడిగాను.

"చూడలే. గందుకే దాన్ని విప్పను."

కంప్యూటర్ మూత తీశాడు గానీ డిస్క్ మూత ముట్టుకోలేదు. స్క్రూడ్రైవర్ కొన దానికి ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు. "మోటరు గుంజుతున్నది. లోపల ఏదో అతుక్కున్నది" అన్నాడు. స్విచ్ ఆపి, డిస్క్‌ను అరచేతిలో పట్టుకుని మణికట్టు చటుక్కున తిప్పాడు. స్విచ్ వేస్తే ఉలుకూ పలుకూ లేదు. రెండోసారీ అంతే. నాకు ఏడుపు ఆగలేదు. మూడోసారి సన్నగా ఈల వేసినట్టు డిస్క్ లేచింది.

"జల్ది కానియ్. మల్ల పండుకుంటె లేస్తదో లేదో."

ఒక్కో ఫ్లాపీలోకి లెక్కలు దింపుకున్నాను. మధ్యలో డిస్క్ గరగరమంటే నా ప్రాణం పోయినంత పనయ్యేది. పొరపాటున ఎవరైనా స్విచ్ ఆపేస్తారేమోనని చాచా నమాజు కూడా దాని పక్కనే చేసుకున్నాడు. రెండుకు పది నిమిషాలుండగా ఆఖరి ఫ్లాపీ నిండింది. ఆ రోజు కరెంటు పోయాక ఆ డిస్క్ మళ్లీ లేవలేదు. నా పేరు ముందు డాక్టర్ అన్న మాట ఉందంటే అది చాచా పెట్టిన భిక్ష.

ఇంత చేసినవాడు అందులో ఏముందని అప్పటిదాకా అడగనేలేదు. మిగిలిన ఆ పది నిమిషాల్లో నేనే తెర మీద ఎండిన మొక్కల లెక్క చూపించాను. చాచాకు ఇంగ్లీషు రాదు, అంకెలు వచ్చు. చాలాసేపు చూశాడు.

"అన్ని ఎండినయేనా బిడ్డా? బతికినయి లేవా?"

పక్క వరస చూపించాను. ఒక్కో అంకె మీదా వేలు పెట్టి, పెదవులు కదుపుతూ కిందికి దిగుతున్నాడు. ఇంతలో కరెంటు పోయింది. తెర నల్లబడింది. చాచా వేలు మాత్రం ఆ గాజు మీదే, బతికిన మొక్కల దగ్గరే, కాసేపు అట్లా ఉండిపోయింది.