జేబులో దాచిన చూపుడువేలు

చెక్ దేశంలోని బ్ర్నో నగరంలో ట్రాముల పట్టాలు మార్చే ప్రోగ్రాములు రాసే ఆ ఆఫీసులో వాకిసాకా హిదెత్సుగును అందరూ హీనెక్ అంటారు. పద్దెనిమిదేళ్ల కిందట, అతను చేరిన మొదటి వారంలోనే, పక్క బల్ల దగ్గర కూర్చునే జ్బినెక్ ఆ పేరును రెండుసార్లు పలకబోయి మధ్యలోనే వదిలేశాడు.

"నీకు హీనెక్ అని పెడతాం. ఏమీ అనుకోవుగా?" అన్నాడు.

హిదెత్సుగు నవ్వి ఊరుకున్నాడు. జీతం కాగితం మీద తప్ప మిగతా అన్నిచోట్లా ఆ పేరే స్థిరపడింది.

అతను వదులుకున్నవాటిలో పేరు మొదటిది మాత్రమే. ఫోనులో మాట్లాడుతూ తల వంచడం మానేశాడు. జపాన్ వెళ్లివచ్చినప్పుడల్లా ఆఫీసులో తీపి పంచే అలవాటూ మానేశాడు. చెక్ భాష నేర్చుకున్నాడు, చెక్ అమ్మాయిని పెళ్లిచేసుకున్నాడు. మధ్యాహ్నం క్నెడ్లీకి అనే ఉడికించిన పిండిముద్దల మీద పులుసు పోసుకు తింటూ జ్బినెక్ వేసే మోటు జోకులకు అందరికంటే అరక్షణం ముందే నవ్వడం కూడా వచ్చింది. అన్నిటికంటే కష్టపడి మానుకున్నది మాత్రం వేలు చూపించడం.

అతని తండ్రి జపాన్‌లోని అకితాలో రైలు డ్రైవరు. ఆ ఉద్యోగంలో ప్రతిదానికీ చూపుడువేలు చాపి, ఉన్నది ఉన్నట్టు పైకి చెప్పి, చివర 'యోషి', అంటే సరిగ్గా ఉందని అనాలి. సిగ్నల్ పచ్చ, యోషి. తలుపులు మూసుకున్నాయి, యోషి. కన్ను చూస్తున్నా మనసు మరెక్కడో తిరగొచ్చు, నోరూ చెయ్యీ కూడా పనిచేస్తే అది తప్పించుకోలేదని ఆయన నమ్మకం. ఇంట్లో పొయ్యి ఆర్పినా దానికి వేలు చూపించి చెప్పిగానీ బయటికి కదిలేవాడు కాదు. కొడుక్కి చదువుతోపాటు అదీ అబ్బింది. బ్ర్నోలో తొలి ఏడాది, కొత్త ప్రోగ్రామ్ ఎక్కించేముందు హిదెత్సుగు తెరమీద ఒక్కో వరుసకూ వేలు చూపించి చదువుకునేవాడు. ఒక శుక్రవారం బీరుశాలలో జ్బినెక్ లేచి నిలబడి తన గ్లాసుకు వేలు చాపాడు.

"నురగ ఉంది, యోషి. బీరు లేదు, యోషి."

బల్లంతా నవ్వింది. హిదెత్సుగూ నవ్వాడు. మర్నాటి నుంచి ఆ వేలు జేబు దాటి బయటికి రాలేదు.

రెండేళ్ల కిందట కజివర తొమోహరు వచ్చాడు. ఇరవై తొమ్మిదేళ్లవాడు. మొదటిరోజే జ్బినెక్ పాత పద్ధతిలో, "నిన్ను తోమాష్ అంటాం" అన్నాడు.

"వద్దండీ. తొమోహరు అంటేనే పలుకుతాను" అన్నాడు కుర్రాడు నవ్వుతూనే. అందులో పొగరు లేదు, బతిమాలడమూ లేదు. మధ్యాహ్న భోజనం వేళకల్లా ఆఫీసులో ప్రతివాడి నోటా ఆ పేరు చక్కగా పలికింది. హిదెత్సుగు ముద్ద నములుతూ విన్నాడు.

అప్పట్నుంచి అతనికి స్థిమితం లేదు. తొమోహరు ఫోనులో మాట్లాడుతూ గోడకు వంగి వంగి దండాలు పెడుతుంటే జనం ముచ్చటగా చూశారు. ఎర్రచిక్కుడు తీపి పంచితే, తీపి ముట్టని పెద్దావిడ రాద్మిలా రెండు తీసుకుంది. ఆ విభాగానికి ఆమే అధికారి. ఇక తెరకు వేలు చూపించి పైకి చదవడం మొదలెట్టేసరికి నవ్వడానికి బదులు అందరూ చుట్టూ చేరి ఎందుకని అడిగారు. మూడు నెలలు తిరిగేసరికి జ్బినెక్ కూడా ఎగతాళి లేకుండా తన తెరకు వేలు చూపిస్తున్నాడు. తాను కొత్తగా వచ్చిన రోజుల్లో ఏదైతే పరువు తీసిందో, వీడికి అదే పరువు తెచ్చిపెడుతోంది. హిదెత్సుగు కడుపు మండేది అందుకే. వాడు తనకంటే తెలివైనవాడైతే సర్దుకునేవాడు. వాడు చేసిందల్లా, తాను తీసి పారేసినదాన్ని పారేయకపోవడం.

"ఆ కుర్రాడి ఊసు లేకుండా నీకు ముద్ద దిగట్లేదేమయ్యా?" అంది భార్య యిత్కా ఓ పూట.

"వాడికి పద్ధతి తెలీదు."

"పద్ధతి తెలీనివాణ్ని పట్టుకుని ఇంత తలుచుకుంటావా. పెళ్లికి ముందు నా గురించైనా ఇంత మాట్లాడావో లేదో."

రాద్మిలా వసంతంలో రిటైరవుతోంది. ఆ కుర్చీ ఇద్దరిలో ఒకరిదని ఆఫీసంతా అనుకుంటోంది. పద్దెనిమిదేళ్లుగా హిదెత్సుగు దానికోసమే కాచుకుని ఉన్నాడు. శనివారం పదకొండు కూడళ్లకు తొమోహరు కొత్త ప్రోగ్రామ్ ఎక్కించాలి. ఆ పని అయ్యాక పేరు చెబుతానంది రాద్మిలా. అంతకు మూడురోజుల ముందు హిదెత్సుగు కాఫీ యంత్రం దగ్గర కుర్రాణ్ని ఆపాడు.

"ఒక మాట చెప్తాను, నొచ్చుకోకు."

"చెప్పండి వాకిసాకా గారూ."

"నువ్వు వేలు చూపిస్తుంటే వెనకాల నవ్వుకుంటున్నారు. బీరుశాలలో నిన్ను అనుకరిస్తున్నారు. నాకూ అప్పట్లో ఇలాగే జరిగింది."

చివరి మాట నిజం. దాని ఆసరాతో ముందు మాటలు కూడా నిజంలా నిలబడ్డాయి.

తొమోహరు చెవులు ఎర్రబడ్డాయి. "రాద్మిలా గారు కూడానా?"

"ఆవిడ పైకి నవ్వదు."

కుర్రాడు నడుం దాకా వంగాడు. "మీరు కాబట్టి చెప్పారు. మీ మేలు మర్చిపోను."

శనివారం ఉదయం ట్రాముల డిపోలో, తొమోహరు తెర ముందు కూర్చున్నాడు. వెనక రాద్మిలా, జ్బినెక్, హిదెత్సుగు నిలబడ్డారు. తొమోహరు చేతులు ఒళ్లో పెట్టుకుని, నోరు మెదపకుండా, తెర చదివి మీట నొక్కుతున్నాడు. ఎనిమిది కూడళ్లు సాఫీగా అయ్యాయి.

తొమ్మిదో దానికి వచ్చేసరికి హిదెత్సుగు కంటికి తెర మూల కనిపించింది. ప్రతి ప్రోగ్రాముకూ రెండు ప్రతులుంటాయి, ఆఫీసులో ఆడించి చూసే పరీక్ష ప్రతి, వీధిలో నడిచే అసలు ప్రతి. అక్కడ ఉన్నది పరీక్ష ప్రతి. అది ఎక్కితే ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు. ఆ కూడలిలో పట్టాలు కదలక బిగుసుకుపోతాయంతే. శనివారం సంత రోజు ట్రాములన్నీ బారులు తీరతాయి. ఎవరి చేతి మీదుగా జరిగిందో ఊరికి తెలుస్తుంది.

తొమోహరు చూపు ఆ మూల మీదుగా జారిపోయింది. వేలు మీట వైపు వెళ్లింది.

ఊరుకుంటే చాలు. అతను చేయవలసిందేమీ లేదు. ఆ కుర్చీని ఇంత దగ్గరగా అతను ఎప్పుడూ చూడలేదు.

ఎప్పుడు బయటికి వచ్చిందో, అతని చెయ్యి తెరవైపు చాచుకుని ఉంది. "తొమ్మిదో కూడలి. పరీక్ష ప్రతి" అన్నాడు జపనీస్‌లో, తండ్రి గొంతంత పెద్దగా. చివర 'యోషి' అనలేదు.

తొమోహరు మీట మీద నుంచి చెయ్యి తీసేశాడు. తెర మళ్లీ చూసి, ముఖం పాలిపోయి, ప్రతి మార్చాడు.

"హీనెక్, నువ్వు కూడా వేలు చూపిస్తున్నావా?" అన్నాడు జ్బినెక్.

రాద్మిలా నవ్వలేదు. "తొమోహరూ, రోజూ వేలు చూపిస్తావే. ఇవాళ ఏమైంది?"

తొమోహరు ఒక్కసారి హిదెత్సుగు వైపు చూశాడు. "చలికి చేతులు పైకి రాలేదండీ" అన్నాడు.

ఆ మాటను హిదెత్సుగు భరించలేకపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఇందులో కూడా వీడే పైచెయ్యి కావాలా అనిపించింది. ఆ మంటతోనే నోరు తెరిచాడు.

"నేనే వద్దన్నాను. అందరూ నవ్వుతున్నారని చెప్పాను. ఎవరూ నవ్వలేదు."

తొమోహరు కుర్చీ సర్దుకుని, వేలు చాపి, మిగిలిన కూడళ్లను పైకి చదివాడు.

సోమవారం రాద్మిలా హిదెత్సుగును గదిలోకి పిలిచింది. "నువ్వు పట్టుకోకపోతే పరువు పోయేది. ఒప్పుకోకపోతే ఎవరికీ తెలిసేది కాదు. రెండూ నేను మర్చిపోను. కానీ పనివాడి చెయ్యి కట్టేసినవాడికి పనివాళ్లను అప్పగించలేను. నా కుర్చీ తొమోహరుకు ఇస్తున్నాను."

అతను తలూపి బయటికి వచ్చాడు. తొమోహరు లేచి నిలబడి వంగాడు. హిదెత్సుగు కూడా వంగాడు, పద్దెనిమిదేళ్ల తరవాత ఆ ఆఫీసులో మొదటిసారి. నడుం కొంచెం పట్టేసింది.

"రారా హీనెక్, భోజనం చల్లారిపోతోంది" అని కేకేశాడు జ్బినెక్.

"హీనెక్ కాదు. హిదెత్సుగు."

జ్బినెక్ చెంచా కింద పెట్టాడు. "హిదె... త్సె... ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదురా?"

"నువ్వడిగితే గదా."

"అడిగానురా. ఏమీ అనుకోవుగా అని అడిగాను."

హిదెత్సుగు పులుసు పోసుకుని కూర్చున్నాడు. జ్బినెక్ అన్నం మానుకుని మరీ సాధన చేశాడు, మంగళవారం సగం వచ్చింది, గురువారానికి పూర్తిగా పట్టుబడింది. తొమోహరు పేరుకు ఒక్క పూటే పట్టింది. ఆ తేడాను హిదెత్సుగు ఇవాళ్టికీ మర్చిపోలేదు.